అనంతపురం ఎండల్లో ఫైటర్ ఫిష్‌కి తోడు: చిన్న ట్యాంక్‌లో ఎవరిని పెట్టొచ్చు, ఎవరిని పెట్టకూడదు?

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకునేది ఫైటర్ ఫిష్ గురించి. దాని అసలు పేరు బెట్టా. కానీ షాపులో ఎవరూ బెట్టా అనరు కదా, "ఫైటర్ ఇవ్వన్నా" అంటారు. అందుకే నేను కూడా ఫైటర్ అనే అంటాను.

అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, నా దగ్గర చిన్న ట్యాంక్ ఉంది. అందులో ఫైటర్ ఒక్కటే ఉంది. పాపం దిగులుగా ఉన్నట్టు కనిపిస్తోంది. దానికి తోడుగా ఏ చేపను వేయాలి?" ఇది నెట్‌లో వెతికితే పది చేపల లిస్ట్ వస్తుంది. ఎంబర్ టెట్రా, కోరీడోరాస్, రొయ్యలు, నత్తలు, ఇంకా చానా ఉంటాయి. లిస్ట్ తప్పు కాదు. కానీ అది రాసినవాళ్ల ఇంట్లో నీళ్లు వేరు, ఎండ వేరు, కరెంటు వేరు. మనది అనంతపురం. ఏడాది మొత్తం మీద పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటుతుంది. బోరు నీళ్లు నాలుగు రోజులు పడితే బకెట్ లోపల తెల్లగా పొర కడుతుంది. ఆ లిస్టును మన ఇంట్లో వాడాలంటే ముందు మన నీళ్లతో, మన ఎండతో ఒకసారి జల్లెడ పట్టాలి. ఈ రోజు చేయబోయేది అదే.

టైమ్ లేనివాళ్ల కోసం జవాబు ముందే చెప్పేస్తాను. మీ ట్యాంక్ అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉంటే, ఫైటర్‌ను ఒంటరిగా ఉంచండి, లేదంటే ఒక నత్తను పెట్టండి. అంతే. రెండు అడుగుల ట్యాంక్ అయితే వేరే సంగతి, దానికి చివర్లో వస్తాను. ఎందుకు నత్త, ఎందుకు చేప కాదు అనేది తెలియాలంటే మాత్రం వీడియో పూర్తిగా చూడండి. ఇందులో అసలు విషయం ఆ "ఎందుకు"లోనే ఉంది.

ముందు ఫైటర్ గురించి రొంత తెలుసుకుందాం. ఇది థాయ్‌లాండ్ చేప. వరి మళ్లు, చిన్న చిన్న కాలువలు, గడ్డి పెరిగిన మడుగులు దాని సొంత ఊరు. థాయ్ భాషలో దాన్ని "ప్లా కట్" అంటారు, అంటే కరిచే చేప అని అర్థం. 2019లో థాయ్‌లాండ్ దాన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది. మగ ఫైటర్ తన చోటును తాను కాపాడుకుంటుంది. నీటి పైన నురుగుతో గూడు కడుతుంది, గుడ్లను కాపలా కాస్తుంది. ఇంకో మగది వస్తే మొప్పలు విప్పి బెదిరిస్తుంది. అక్కడ మడిలో ఓడిపోయిన చేప పక్కకు పారిపోతుంది, గొడవ అయిపోతుంది. మన ట్యాంక్‌లో పారిపోయే చోటే ఉండదు. ఎటు పోయినా అద్దమే. అందుకే అక్కడ రెండు నిమిషాల్లో తేలిపోయే గొడవ ఇక్కడ ఒకటి చచ్చేదాకా పోతుంది.

అంటే ఫైటర్ ఒంటరిగా ఉండడం దానికి శిక్ష కాదు. అది గుంపుగా బతికే చేప కాదు. "దిగులుగా ఉంది" అని మనకు అనిపించినప్పుడు చాలా సార్లు అసలు కారణం వేరే ఉంటుంది. నీళ్లు పాడై ఉంటాయి, లేదా బౌల్ మరీ చిన్నదై ఉంటుంది, లేదా దాక్కోవడానికి ఒక్క ఆకు కూడా ఉండదు. తోడు కావాలన్నది మన కోరిక. ఆ కోరికలో తప్పేం లేదు, ట్యాంక్ కళగా ఉంటే చూడడానికి బాగుంటుంది. కాకపోతే మన కోరికకు బిల్లు చేప కట్టకూడదు.

ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. ఫైటర్‌కు ఒక ప్రత్యేకత ఉంది. మొప్పలతో పాటు తల లోపల ఇంకో అవయవం ఉంటుంది, దాన్ని లాబిరింత్ అంటారు. దాంతో అది పైకి వచ్చి నోటితో గాలి పీల్చుకుంటుంది. మన కొర్రమీను తెలుసు కదా? సంతలో తక్కువ నీళ్లున్న తొట్టిలో కూడా గంటల కొద్దీ బతికే ఉంటుంది. అది కూడా గాలి పీల్చే చేపే. సైన్స్ లెక్కలో కొర్రమీను, ఫైటర్ ఒకే క్రమానికి చెందినవి, అంటే దూరపు చుట్టాలు. ఎండాకాలంలో చెరువు అడుగంటినా కొర్రమీను బురదలో ఎట్ల బతుకుతుందో, పాడైన చిన్న గ్లాసులో ఫైటర్ కూడా అట్లనే ఓర్చుకుంటుంది. షాపుల్లో ప్లాస్టిక్ కప్పుల్లో పెట్టి అమ్మగలిగేది అందుకే. ఓర్చుకోవడం వేరు, హాయిగా ఉండడం వేరు అని మర్చిపోవద్దు.

ఇప్పుడు ఆలోచించండి. మీరు దానికి తోడుగా ఇంకో చేపను వేశారు. ఆ చేపకు లాబిరింత్ లేదు. నీళ్లలో కరిగిన ఆక్సిజనే దానికి దిక్కు. నీళ్లు వేడెక్కే కొద్దీ ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో గరిష్ఠంగా సుమారు 8.3 మిల్లీగ్రాములు పడుతుంది. 35 డిగ్రీల దగ్గర 7 మిల్లీగ్రాములకు పడిపోతుంది. ఇంకోపక్క నీళ్లు వేడెక్కితే చేప ఒంట్లో పని పెరుగుతుంది, దానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. అంటే సరుకు తగ్గింది, గిరాకీ పెరిగింది. ఆ టైమ్‌లో కరెంటు పోయింది, ఎయిర్ పంప్ ఆగింది. మధ్యాహ్నం రెండు గంటలు. సాయంత్రం మీరు కాలేజీ నుంచి వచ్చేసరికి ఫైటర్ బాగానే ఉంటుంది, మిగతావి పైన తేలుతుంటాయి. అందరూ "ఫైటరే చంపేసింది" అనుకుంటారు. ఒక్కోసారి ఫైటర్ వాటిని ముట్టుకొని కూడా ఉండదు.

అందుకే మన ప్రాంతంలో తోడు ఎంచుకునేటప్పుడు మొదటి ప్రశ్న "ఫైటర్ దాన్ని కొడుతుందా?" అని కాదు. "కరెంటు లేని మే నెల మధ్యాహ్నాన్ని అది తట్టుకుంటుందా?" అని అడగాలి. కొట్టుకోవడం గురించి దాని తర్వాత అడుగుదాం.

రెండో విషయం నీళ్లు. మన బోరు నీళ్లు గట్టి నీళ్లు. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, పీహెచ్ కూడా చాలా చోట్ల 7 దాటే ఉంటుంది. కొన్ని పల్లెల్లో ఫ్లోరైడ్ బాధ కూడా ఉంది, అది మీకందరికీ తెలిసిందే. ఇక్కడొక లెక్క ఉంది, జాగ్రత్తగా వినండి. చేపలు వదిలే మలం, మిగిలిపోయిన మేత కుళ్లితే అమ్మోనియా వస్తుంది. అమ్మోనియా నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి చేపకు పెద్దగా హాని చేయదు, ఇంకోటి విషం. పీహెచ్ 7 దగ్గర విషపు వంతు నూటికి ఒకటి కూడా ఉండదు. పీహెచ్ 8కి పోతే అది దాదాపు పది రెట్లు అవుతుంది. నీళ్లు వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. అంటే ఇంకెక్కడో మెత్తని నీళ్లున్న ఊళ్లో నాలుగు చేపలు వదిలే చెత్త చేసే హాని, మన వేడి, గట్టి నీళ్లలో ఒక్క చేప చెత్తే చేయగలదు. కాబట్టి "చిన్న చేపే కదా అన్నా, ఇంకో రెండు పడతాయిలే" అనే మాట మన దగ్గర చెల్లదు.

సరే, ఈ రెండు జల్లెడలూ పట్టుకొని చేపలను ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు అస్సలు వద్దు అనేవి.

ఒకటి, ఇంకో ఫైటర్. రెండు మగవి ఒకచోట ఉండకూడదు, ఇందులో రెండో మాట లేదు. మగ, ఆడ కలిపి ఉంచినా పిల్లల కోసం కొద్దిసేపు కలపడం వేరు, రోజూ కలిపి ఉంచడం వేరు. ఆడవాటినే ఐదారు కలిపి పెంచేవాళ్లు ఉన్నారు, దానికి పెద్ద ట్యాంక్, నిండా మొక్కలు, బాగా అనుభవం కావాలి. చిన్న ట్యాంక్‌లో కుదరదు. ఇక రీల్స్ కోసం రెండు మగవాటిని ఒకే గ్లాసులో వేసి వీడియో తీసేవాళ్లు ఉంటారు. వాళ్లకు ఒక మాట. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం వినోదం కోసం జంతువులను కొట్లాటకు రెచ్చగొట్టడం నేరం. ఆ చట్టంలో జంతువు అంటే మనిషి కాని ప్రతి ప్రాణీ వస్తుంది. చేప కూడా అందులో ఉన్నట్టే. లైకుల కోసం ఆ పని వద్దు.

రెండు, గోల్డ్ ఫిష్. అది చల్లని నీళ్ల చేప, పెద్దగా పెరుగుతుంది, చెత్త చానా చేస్తుంది. ఫైటర్‌తో ఏ లెక్కలోనూ కలవదు.

మూడు, టైగర్ బార్బ్, సెర్పే టెట్రా లాంటివి. వీటికి తోకలు కొరికే అలవాటు. ఫైటర్ పేరుకే ఫైటర్. ఆ పొడవాటి తోక వేసుకొని వేగంగా ఈదలేదు. చీర కట్టుకొని కబడ్డీ ఆడినట్టు ఉంటుంది దాని పరిస్థితి. ఇక్కడ దెబ్బ తినేది ఫైటరే.

నాలుగు, గౌరామీలు. ఇవి ఫైటర్‌కు దగ్గరి చుట్టాలు, ఒకే కుటుంబం. గాలి కూడా పీలుస్తాయి, అంటే ఎండ పరీక్ష పాసవుతాయి. కానీ రెండూ నీటి పైభాగంలోనే చోటు కోసం పోటీ పడతాయి. దాయాదుల గొడవ ఎట్ల ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

ఐదు, గంబూషియా. ఇది మన దగ్గర ప్రత్యేకంగా చెప్పాల్సిన చేప. దోమల పిల్లలను తినడానికి మన రాష్ట్రంలో మున్సిపాలిటీలు, ఆరోగ్య శాఖ వాళ్లు చెరువుల్లో, నీటి గుంటల్లో వదిలే చిన్న బూడిద రంగు చేప. ఫ్రీగా దొరుకుతుంది కాబట్టి పిల్లలు సీసాలో పట్టుకొచ్చి ట్యాంక్‌లో వేస్తారు. చూడ్డానికి గప్పీలాగే ఉంటుంది. కానీ ఇది మహా పోకిరీ చేప, తోకలు, రెక్కలు కొరికి పెడుతుంది. పైగా బయటి గుంటలోని రోగాలు, పురుగులు దాంతో పాటు వస్తాయి. దోమలు తినడానికే కావాలంటే మీ ఫైటర్ కూడా దోమ పిల్లలను హాయిగా తింటుంది.

ఆరు, సక్కర్. "ఇది ట్యాంక్‌ను క్లీన్ చేస్తుంది" అని చెప్పి రెండంగుళాల పిల్లను అంటగడతారు. అది ఒకటిన్నర అడుగు దాకా పెరిగే చేప. క్లీన్ చేయడం సంగతి దేవుడెరుగు, అది వేసే చెత్త మీరు క్లీన్ చేయాలి. పెద్దదయ్యాక ఏం చేయాలో తెలియక తీసుకుపోయి చెరువులో వదులుతారు. ఇట్ల ట్యాంకుల్లోంచి బయటపడిన సక్కర్ చేపలు ఇప్పుడు ఆంధ్రాలో చేపల రైతులకు తలనొప్పి అయినాయి. గట్టి ముళ్లతో వలలు చింపుతాయి, మిగతా చేపల తిండి తింటాయి. కొన్ని చోట్ల వాటిని దెయ్యం చేప అంటారు. బుక్కరాయసముద్రం చెరువు గానీ, మీ ఊరి చెరువు గానీ, ట్యాంక్ చేపలను అందులో వదలొద్దు. నత్తలను కూడా వదలొద్దు. మన మిస్టరీ నత్తకు చుట్టమైన గోల్డెన్ యాపిల్ నత్త ఆగ్నేయాసియాలో వరి పొలాలకు పెద్ద తెగులైంది. పెంచలేకపోతే షాపులో తిరిగి ఇవ్వండి, లేదా పెంచేవాళ్లకు ఇవ్వండి.

ఇప్పుడు, "పెట్టొచ్చేమో" అనిపించేవి.

గప్పీ. అందరూ ముందు అడిగేది ఇదే. గప్పీకి మన గట్టి నీళ్లంటే ఇష్టం, బాగా బతుకుతుంది, తక్కువ ధరకు దొరుకుతుంది. కానీ మగ గప్పీకి రంగురంగుల తోక ఉంటుంది. ఫైటర్ కంటికి అది ఇంకో చిన్న ఫైటర్‌లా కనిపించి మీద పడుతుంది. ఆడ గప్పీకి అంత రంగు ఉండదు, కానీ అది దాదాపు నెలకోసారి పిల్లలు పెడుతుంది. షాపు నుంచి వచ్చేటప్పుడే కడుపుతో ఉంటుంది. కొన్ని పిల్లలను ఫైటర్ తింటుంది, మిగిలినవి పెరుగుతాయి. మూడు నెలల్లో చిన్న ట్యాంక్ బస్టాండ్ అవుతుంది.

ఎంబర్ టెట్రా. రెండు సెంటీమీటర్ల చిన్న నారింజ రంగు చేప. నెమ్మదస్తురాలు, తోకలు కొరకదు, ఫైటర్‌తో కలిసిపోతుంది. కానీ గుంపుగా బతికే చేప, కనీసం ఎనిమిది ఉండాలి. దానికి మెత్తని నీళ్లు కావాలి. నియాన్ టెట్రా కూడా అంతే, పైగా అది వేడికి తట్టుకోలేదు.

ఇక్కడ మన చిక్కు కనిపించిందా ఫ్రెండ్స్? మన నీళ్లకు సరిపోయే గప్పీ ఫైటర్‌కు సరిపోదు. ఫైటర్‌కు సరిపోయే టెట్రా మన నీళ్లకు సరిపోదు. నెట్‌లోని లిస్టులు మన దగ్గర ఫెయిలయ్యేది సరిగ్గా ఈ చోటే.

చెర్రీ రొయ్యలు. చూడ్డానికి చానా బాగుంటాయి, చెత్త తక్కువ. కానీ పిల్ల రొయ్యలు ఫైటర్‌కు పకోడీలు. పెద్దవి కూడా దాక్కోవడానికి దట్టమైన నాచు లేకపోతే మిగలవు. నీళ్లు 30 డిగ్రీలు దాటితే వాటికి కష్టం. ఏసీ గదిలో పెడతాను అంటే సరే, లేకపోతే మన ఎండాకాలానికి వద్దు.

కోరీడోరాస్. అడుగున తిరిగే చిన్న మీసాల చేప. మంచిది, కానీ ఆరు ఉండాలి, రెండు అడుగుల ట్యాంక్ కావాలి. అందులోనూ స్టెర్బై అనే రకమే వేడిని కాస్త ఓర్చుకుంటుంది.

ఇక నత్తలు. మిస్టరీ నత్త గురించి వినండి. దానికి మొప్ప ఉంది, దాంతో పాటు ఊపిరితిత్తి లాంటిది కూడా ఉంది. చిన్న గొట్టం బయటికి చాపి నీటి పైనుంచి గాలి పీల్చుకుంటుంది. అంటే ఫైటర్ లాగే ఇది కూడా కరెంటు పోయిన మధ్యాహ్నం పైకి వచ్చి ఊపిరి తీసుకోగలదు. పెంకు కట్టుకోవడానికి దానికి కాల్షియం కావాలి, అది మన బోరు నీళ్లలో కావాల్సినంత ఉంది. బకెట్‌కు తెల్లగా పట్టి మనల్ని విసిగించేదే నత్తకు ఇల్లు కట్టే సిమెంట్. తోక లేదు, రంగు రెక్కలు లేవు, వేగంగా కదలదు, కాబట్టి ఫైటర్‌కు అది శత్రువులా కనిపించదు. ఎండ పరీక్ష, నీళ్ల పరీక్ష, ఫైటర్ పరీక్ష, మూడూ పాస్. అడుగు ట్యాంక్‌లో ఒకటే పెట్టండి, రెండు వద్దు. నిమ్మకాయంత పెరుగుతుంది, దాని చెత్త కూడా ఉంటుంది. కొన్ని ఫైటర్లు మొదట్లో దాని మీసాలను పొడుస్తాయి. రోజంతా పొడుస్తూ నత్త పెంకులోంచి బయటికి రాకపోతే విడదీయాల్సిందే.

ర్యామ్స్ హార్న్ అనే చిన్న చుట్ట నత్త కూడా గాలి పీల్చేదే. మేత ఎక్కువ వేస్తే అది వందల్లో పెరుగుతుంది. తక్కువ వేస్తే అదుపులో ఉంటుంది. అంటే మీరు ఎంత మేత వేస్ట్ చేస్తున్నారో చెప్పే మీటర్ అది. నెరైట్ నత్త అద్దం మీది నాచును అన్నిటికన్నా బాగా తింటుంది, మంచి నీళ్లలో దాని గుడ్లు పొదగవు కాబట్టి సంఖ్య పెరగదు. కానీ అది మొప్పలతోనే ఊపిరి తీసుకుంటుంది. కాబట్టి కరెంటు కోతలు ఎక్కువుండే ఊళ్లో నా మొదటి ఓటు మిస్టరీకే.

నత్త పెట్టేవాళ్లు ఒక జాగ్రత్త గుర్తు పెట్టుకోండి. ఫైటర్‌కు రోగం వస్తే కాపర్ ఉన్న మందులు, ఉప్పు ఆ ట్యాంక్‌లో వేయకూడదు. నత్త చచ్చిపోతుంది. ఫైటర్‌ను వేరే బకెట్‌లోకి తీసి అక్కడ వైద్యం చేయాలి.

ఇప్పుడు ట్యాంక్ సెటప్. అడుగు, అడుగు, అడుగు ట్యాంక్‌లో లెక్క ప్రకారం 28 లీటర్లు పడతాయి. ఇసుక, పైన వదిలే ఖాళీ తీసేస్తే 22, 23 లీటర్లు మిగులుతాయి. ఫైటర్‌కు, ఒక నత్తకు అది సరిపోతుంది. గుండ్రటి చిన్న బౌల్‌లో ఉంటే తోడు సంగతి పక్కన పెట్టి ముందు ఫైటర్‌కే ఇల్లు మార్చండి. పైన మూత తప్పనిసరి. ఫైటర్ ఎగురుతుంది, నత్త ఎక్కి బయటపడుతుంది. మూతకు, నీటికి మధ్య మూడు వేళ్ల ఖాళీ వదలండి, రెండూ గాలి పీల్చేది అక్కడే.

ఫిల్టర్ అంటే స్పాంజ్ ఫిల్టర్ చాలు. ప్రవాహం నెమ్మదిగా ఉండాలి. కొత్త ట్యాంక్‌లో అమ్మోనియాను తినే బ్యాక్టీరియా స్పాంజ్‌లో తయారవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా ఏ తోడూ వద్దు. స్పాంజ్‌ను కుళాయి కింద కడగొద్దు, ట్యాంక్‌లోంచి తీసిన నీళ్లలోనే పిండండి, లేకపోతే ఆ బ్యాక్టీరియా పోతుంది. కరెంటు కోతలకు ఒక సులువైన దారి ఉంది. యూఎస్‌బీ ఎయిర్ పంపులు దొరుకుతాయి, మీ ఫోన్ పవర్ బ్యాంక్‌కే తగిలించొచ్చు. ఫోన్ కన్నా అప్పుడు దానికే ఎక్కువ అవసరం.

నీళ్లు ఎట్ల? మొత్తం బోరు నీళ్లే పోస్తే మరీ గట్టి. మొత్తం ఆర్‌ఓ క్యాన్ నీళ్లే పోస్తే అందులో ఖనిజాలు ఉండవు, నత్త పెంకు కరిగిపోతుంది, పీహెచ్ కూడా నిలకడగా ఉండదు. రెండూ కలపండి. ఒక చిన్న టీడీఎస్ మీటర్ కొనుక్కోండి. ఉదాహరణకు మీ బోరు నీళ్లు 600 చూపించి, ఆర్‌ఓ 50 చూపిస్తే, సగం సగం కలిపితే 325 వస్తుంది. ఫైటర్‌కు, నత్తకు ఇద్దరికీ అది పర్వాలేదు. రోజుకో రకంగా మార్చకుండా ఎప్పుడూ అదే కొలత పాటించడం ముఖ్యం. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోవడానికి బకెట్‌లో ఒక రోజు నిలవ ఉంచండి, లేదా షాపులో దొరికే యాంటీ క్లోరిన్ వాడండి.

ఎండాకాలంలో చల్లదనానికి ఐస్ ముక్కలు వేయొద్దు. ఒక్కసారిగా ఉష్ణోగ్రత పడిపోతే చేపకు షాక్. మట్టి కుండ ఎట్ల చల్లబడుతుందో ఆలోచించండి. నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని తీసుకుపోతుంది. మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అది ఇంకా బాగా పనిచేస్తుంది. మూత తీసి దోమతెర లాంటి జాలీ కప్పండి, ఒక చిన్న ఫ్యాన్ గాలి నీటి మీదికి తిప్పండి, రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. అయితే ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పులన్నీ ట్యాంక్‌లోనే మిగిలిపోతాయి. తగ్గిన నీటికి బదులు మళ్లీ బోరు నీళ్లు పోస్తే వారం వారం గట్టిదనం పెరిగిపోతుంది. అందుకని ఆవిరైన వంతుకు ఆర్‌ఓ నీళ్లు, వారానికోసారి మార్చే వంతుకు కలిపిన నీళ్లు. ఈ తేడా గుర్తుంచుకోండి.

లోపల దాక్కునే చోట్లు ఉండాలి. జావా ఫెర్న్, అనూబియాస్ లాంటి మొక్కలకు పెద్దగా పని ఉండదు. గట్టి నీళ్లకైతే వాలిస్నేరియా బాగా పెరుగుతుంది. స్కూల్ ఆవరణల్లో బాదం చెట్లు ఉంటాయి కదా, రాలిన ఎండు బాదం ఆకు ఒకటి శుభ్రంగా కడిగి వేయండి. నీళ్లు టీ రంగుకు వస్తాయి, భయపడొద్దు. ఫైటర్ దాని నీడలో పడుకుంటుంది. రోడ్డు పక్క దుమ్ము పట్టినవి, మందు కొట్టిన చెట్టువి మాత్రం వద్దు.

తోడును వేసే పద్ధతి. కొత్త ప్రాణిని రెండు వారాలు వేరే డబ్బాలో ఉంచండి, రోగం ఉంటే అక్కడే బయటపడుతుంది. ఫైటర్ ముందు నుంచే ట్యాంక్‌లో ఉంటే, కొత్తదాన్ని వేసే రోజు రాళ్లు, మొక్కలు అటూ ఇటూ జరపండి. దాని "నా ఇల్లు" అనే లెక్క రొంత చెదురుతుంది. వేశాక మీరు ఎదురుగా నిలబడితే ఫైటర్ మేత కోసం మీ వైపే చూస్తుంది, అసలు స్వభావం తెలియదు. ఫోన్‌ను స్టాండ్‌కి పెట్టి అరగంట వీడియో రికార్డ్ చేసి, గదిలోంచి బయటికి వెళ్లిపోండి. తర్వాత చూడండి. ఒకటి రెండుసార్లు మొప్పలు విప్పి ఊరుకుంటే అది పలకరింపు. ఆపకుండా తరుముతుంటే, ఎవరైనా మూలకు నక్కి మేతకు రాకుంటే, తోక చిరిగితే, ఆ రోజే విడదీయండి. "సర్దుకుంటాయిలే" అని రాత్రి వదిలేయొద్దు. అందుకే తోడు కొనే ముందే ఇంకో బకెట్, ఇంకో చిన్న స్పాంజ్ సిద్ధంగా ఉండాలి. అవి లేకపోతే తోడు కొనే టైమ్ ఇంకా రాలేదని అర్థం.

రెండు అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంక్ ఉన్నవాళ్లకు 56 లీటర్ల దాకా పడతాయి. అప్పుడు ఒక్క గుంపును ఎంచుకోవచ్చు. ఆర్‌ఓ ఎక్కువ కలిపి నీళ్లు మెత్తగా చేయగలిగితే ఎనిమిది ఎంబర్ టెట్రాలు. లేదా అడుగున ఇసుక వేసి ఐదు కూలీ లోచ్‌లు. అవి పాము పిల్లల్లా ఉంటాయి, వేడిని బాగానే ఓర్చుకుంటాయి, రాత్రి తిరుగుతాయి, ఫైటర్ జోలికి పోవు. ఏదో ఒక్కటే, రెండూ కాదు. పవర్ బ్యాంక్ పంప్ మాత్రం ఇక్కడ తప్పనిసరి, ఎందుకంటే ఎంబర్ టెట్రాలకు గాలి పీల్చే అదృష్టం లేదు.

చివరిగా ఒక మాట. ఇంట్లో పెద్దవాళ్లు అంటారు, "మనుషులకే నీళ్లు లేక ట్యాంకర్లు చూస్తుంటే నీకు చేపలు కావాల్సి వచ్చిందా?" అని. ఆ మాటలో న్యాయం ఉంది, నవ్వి తీసేయొద్దు. ఈ జిల్లాలో బిందె కోసం క్యూలో నిలబడి పెరిగినవాళ్లు వాళ్లు. దానికి జవాబు మాటల్లో కాదు, లెక్కలో చెప్పండి. 22 లీటర్ల ట్యాంక్‌లో వారానికి పావు వంతు మారిస్తే ఐదారు లీటర్లు. అంటే సగం బకెట్ కూడా కాదు. ఆ తీసిన నీళ్లు మోరీలో పోయొద్దు. చేపల చెత్తలో నైట్రోజన్ ఉంటుంది, మొక్కలకు అది ఎరువు. కరివేపాకు చెట్టుకు పోయండి, మిద్దె మీద కుండీలకు పోయండి. ఒక్క చుక్క వేస్ట్ కాదు. చేపలు పెరిగే కొద్దీ నీళ్లు మార్చడం కూడా పెరుగుతుంది. ఒక ఫైటర్, ఒక నత్తతో ఆగితే ఇంట్లో నీళ్ల లెక్క కూడా సరిపోతుంది.

కాబట్టి షాపుకు పోయే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. నా ట్యాంక్ ఎన్ని లీటర్లు? నా నీళ్ల టీడీఎస్ ఎంత? కరెంటు మూడు గంటలు పోతే ఈ ప్రాణి బతుకుతుందా? మూడింటికీ జవాబు తెలిస్తేనే జేబులోంచి డబ్బులు తీయండి. తెలియకపోతే మీ ఫైటర్ ఒంటరిగానే ఉండనీయండి, దానికి ఏ లోటూ లేదు.

మీ ట్యాంక్ సైజు, మీ ఊరి నీళ్ల టీడీఎస్ కామెంట్‌లో రాయండి. ధర్మవరం, గుంతకల్లు, కళ్యాణదుర్గం, కదిరి, ఎక్కడివాళ్లయినా సరే. ఒక్కో ఊరికి ఒక్కో నంబర్ వస్తుంది, అందరికీ ఉపయోగపడుతుంది. వీడియో నచ్చితే ఫైటర్ ఉన్న మీ ఫ్రెండ్‌కు ఒక్కరికి పంపండి, చాలు. మళ్లీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, బై.